కుబాట్ కప్పిన చపాన్

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ కనిపెట్టి వెక్కిరించే పని లేకుండా. మా అమ్మ మేతకొండల మీద తోడేలును చీపురుకట్టతో తరిమిన మనిషి. ఆమె కడుపున పుట్టిన నేను తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాను. నా పేరు బాత్మా. ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున మా ఊరి గ్యాలరీలో ముప్పై ఏళ్లుగా బొమ్మలన్నిటి బాధ్యత నాదే. వెనకటి వర్తకుడెవరో కట్టించుకున్న చెక్క ఇల్లది, అడుగు వేస్తే చాలు నేల కిర్రుమంటుంది. ఆ ఏడాది వినబడిన ప్రతి కిర్రూ నన్ను పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులదే అనుకున్నాను.

కారణం నా బల్ల సొరుగులో, పాత కేటలాగుల అడుగున ఉంది. ఒకే ఒక్క కాగితం.

సంగతేమిటంటే, అంతకు ముందు ఏడాది మేము సవోస్కిన్ బొమ్మ ఒకటి కొన్నాం. సవోస్కిన్ యుద్ధానికి ముందు మా కొండల్లో తిరిగి, మా వాళ్లనే గీసి, మా ఊళ్లోనే జ్వరమొచ్చి పోయిన చిత్రకారుడు. ఆయన సమాధి మా ఊళ్లో ఉంది గానీ ఆయన బొమ్మ ఒక్కటీ లేదు. ఆ వెలితి కనిపెట్టి కుబాట్ అనే వ్యాపారి రాజధాని బిష్కెక్ నుంచి దిగాడు. అతను తెచ్చిన బొమ్మలో ఆడవాళ్లు ఆడగుర్రాల పాలు పితుకుతున్నారు, వెనక తెల్లటి కొండలు. ప్రభుత్వం డబ్బిచ్చింది. కొనుగోలు కాగితం మీద మా డైరెక్టర్ జోల్దోష్ సంతకం ఒకటి. "పరిశీలించాను, సవోస్కిన్ గీసిందే" అన్న వాక్యం కింద నాది ఒకటి.

బొమ్మ గోడకెక్కిన ఆరు నెలలకు ఒక పొద్దున దుమ్ము తుడుస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ ఆడవాళ్లు గుర్రానికి కుడిపక్క కూర్చుని పితుకుతున్నారు. మా అమ్మ ఎడమపక్క నుంచే పితికేది. మా అమ్మమ్మా అంతే. కుడిపక్క కూర్చుంటే గుర్రం తన్ని పారేస్తుంది. నాలుగు వేసవులు మా గుడారాల్లో పడుకున్న సవోస్కిన్‌కు ఆ మాత్రం తెలియదా? ఎవడో పట్నంలో కూర్చుని ఏ ఫోటోనో తిరగేసి చూసి గీశాడు. ఎవరికీ చెప్పకుండా అంచు నుంచి గోరంత రంగు గీకి ల్యాబ్‌కు పంపాను. మే పద్నాలుగున జవాబు వచ్చింది. ఆ తెల్లరంగు సవోస్కిన్ పోయిన చాలా ఏళ్లకు గానీ తయారు కాలేదట.

అదీ సొరుగులోని కాగితం. పదకొండు నెలలు దాచాను. నకిలీ అని నేనే అరిస్తే మొదట అడిగేది నా సంతకం గురించి కదా! "తెలిసే పెట్టావా, ఎంత ముట్టింది?" అంటారు. యాభై మూడేళ్ల వయసులో ఆడవాళ్ల జైల్లో కూర్చుని పోలీసుల చొక్కాలకు గుండీలు కుట్టుకుంటున్నట్టు నాకు పట్టపగలే కనిపించేది. రక్తపోటు మాత్రలు ఒకటి నుంచి రెండయ్యాయి.

ఏప్రిల్ చివర్లో మంత్రిత్వశాఖ నుంచి కబురొచ్చింది. జూన్‌లో నిపుణులు వచ్చి ప్రతి బొమ్మనూ గోడ మీంచి దించి చూస్తారట. ఇక దాగదు. జోల్దోష్ గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన ఒకప్పుడు కుస్తీ కోచ్. మెడ ఎద్దు మెడలా ఉంటుంది. ఆ మెడంతా చెమట పట్టేసింది.

"దీన్ని పొయ్యిలో వెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి.

"ల్యాబ్‌లో ఇంకో కాపీ ఉంటుంది కదండీ."

"గుర్రాన్ని ఎటుపక్క పితికితే నీకెందుకమ్మా? ఊళ్లో ఎవడైనా అడిగాడా?"

"ముసలమ్మలందరూ అడుగుతున్నారు. తన్నులు తినడానికి కూర్చున్నారేంటే వీళ్లు, అని నవ్వుతున్నారు."

"నవ్వనీ! నవ్వితే జైల్లో వెయ్యరు."

మే రెండున లాయర్ ఆసిపా సెలవులకు వాళ్లమ్మ ఇంటికొచ్చింది. మా అమ్మాయితో కలిసి చదువుకున్న పిల్ల. వాళ్ల వంటింట్లో కూర్చుని అంతా చెప్పాను. నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు జామ్‌లో ముంచుకు తింటూ వింది.

"రెండు దారులున్నాయి పిన్నీ," అంది. "మోసం చేశాడు అని కేసు వెయ్యొచ్చు. అప్పుడు అది నకిలీ అని వాడికి ముందే తెలుసని మనం రుజువు చెయ్యాలి. వాడి బుర్రలో దూరి చూపించాలన్నమాట. రెండోది, మేం పొరపడ్డాం, అసలుదనుకుని కొన్నాం, కాదని తేలింది, బేరం రద్దు చెయ్యండి అని. అందులో వాడికి తెలుసా తెలీదా అన్న గొడవే లేదు. ఎవరిది వాళ్లకి తిరిగొచ్చేస్తుంది."

"రెండోదే," అన్నాను ఆమె మాట పూర్తికాకముందే. "వాడితో పేచీ వద్దు తల్లీ."

"సరే. కానీ దేనికైనా గడువుంది. నిజం తెలిసిన రోజు నుంచి ఏడాది లోపు కోర్టులో పడాలి. నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన మే పద్నాలుగు."

ఆసిపా నోట్లో ముక్క నోట్లోనే ఆగిపోయింది. "పన్నెండు రోజులుంది పిన్నీ! ఇన్నాళ్లూ ఏం చేశావ్?"

"భయపడ్డాను."

"బాగుంది. ఇంకోటి చెప్పు. వాడి దగ్గర ఏమైనా పుచ్చుకున్నావా?"

"ఛీ, నేనా?" అన్నాను. తర్వాత గుర్తొచ్చింది. "చపాన్ కప్పాడు. నాకూ, జోల్దోష్‌కీ. ఎర్ర వెల్వెట్‌ది."

"ఫోటో తీశాడా?"

"అందరూ తీశారు."

ఆమె కప్పు కింద పెట్టేసింది. అతిథి భుజాల మీద మర్యాదకు ఆ పొడుగు అంగీ కప్పితే వద్దనడం ఎలా? వద్దంటే ఇంటాయన చెంప మీద కొట్టినట్టే. ఆ సంగతి ఆసిపాకూ తెలుసు. కానీ కోర్టులో దాన్ని లంచం అనడానికి ఒక్క ఫోటో చాలు. నోటీసుతో పాటే చపాన్ కూడా సాక్షుల ముందు తిరిగిచ్చెయ్యాలంది.

"అది నా దగ్గర లేదు. మా వియ్యపురాలికి కప్పాను," అన్నాను.

ఆసిపా తల పట్టుకుని నవ్వింది. మా దగ్గర చపాన్ ఎవరింట్లోనూ పాతబడదు. ఒక పెళ్లిలో వచ్చింది ఇంకో పెళ్లిలో పోతుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం గ్యాలరీలో ఒక్కదాన్నే ఉన్నాను. నేల కిర్రుమంది. తలెత్తితే కుబాట్. జోల్దోష్ భయం పట్టలేక అతనికే ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. కుబాట్ తిన్నగా ఆ బొమ్మ దగ్గరకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, గుడికొచ్చిన వాడిలా నిలబడ్డాడు.

"ఎంత బాగా పెట్టారు అక్కా! వెలుగు సరిగ్గా దాని మీదే పడుతోంది."

నేను కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగాను.

"ఆరోగ్యం ఎలా ఉంది? బీపీ ఉందన్నారు జోల్దోష్ అన్న. మీ వయసులో జాగ్రత్తగా ఉండాలి. మా అత్తయ్య కూడా అంతే, ఎవరో చెప్పిన మాట విని కోర్టుల చుట్టూ తిరిగి పాపం మంచం పట్టింది." ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. అందులో నేను. ఎర్ర చపాన్‌లో, నూనె బుగ్గలతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. "ఎంత నప్పిందో చూడండి. ఇది మా స్నేహితుడొకడు చూశాడు. ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేస్తాడు. సంతకం రోజేనా ఇది, అని అడిగాడు. నేనేం చెప్పలేదులెండి. అక్క కదా మీరు."

అతను వెళ్లాక కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ ఫోటోలోని ఆడమనిషిని చూస్తే నాకే అసహ్యం వేసింది. నేనే జడ్జినైతే ఆమెకు శిక్ష వేసేసి ఉండేదాన్ని.

సాయంత్రం మా వియ్యపురాలు కులీపా ఇంటికి వెళ్లాను. ఇచ్చిన చపాన్ వెనక్కి అడగడమంటే ఈ ఊళ్లో తల కొట్టేసినంత పని. కులీపా నోరు ఊరందరికీ తెలుసు. మూడు కప్పుల పాల టీ తాగాక గానీ నా నోట మాట రాలేదు.

"ఏంటీ? దొంగ బొమ్మలమ్మేవాడు నీకు కప్పింది తెచ్చి నాకు కప్పావా?" కులీపా చేతిలో కెటిల్ బల్ల మీద దబ్బున పడింది. "నా కోసం బజారుకెళ్లి కొన్నానన్నావు కదా వదినా!"

"అన్నాను. తప్పే."

"మా తోడికోడలికి చూపించి మురిశాను, నా ఖర్మ! ఆ విందులో అసలేం జరిగిందో చెప్పు. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను."

చెప్పాను. కుబాట్ అద్దె ఇంట్లో గొర్రెను కోశాడు. పరుపుల మీద కూర్చున్నాం. బొమ్మను అవతలి గోడకు ఆనించి, ముసుగు తీసి చూపించాడు. లేచి దగ్గరకు వెళ్దామనుకుంటుండగానే కుబాట్ తండ్రి, తొంభై ఏళ్ల పెద్దాయన, రెండు అరచేతులూ పైకెత్తి బాతా, అంటే పెద్దల దీవెన, మొదలుపెట్టాడు. ఈ బొమ్మ వీళ్లకు శుభం చేయాలి, ఈ బేరంలో ఇరుపక్షాలూ చల్లగా ఉండాలి అని దీవించాడు. మేమంతా చేతులు ముఖం మీదుగా తిప్పుకున్నాం. ఆ తర్వాత చపాన్లు. ఆ తర్వాత కాగితం.

"ఆగు," అంది కులీపా. "బాతా ముందా, నువ్వు బొమ్మ చూడ్డం ముందా?"

"బాతా ముందు. దగ్గరగా చూడనే లేదు వదినా."

"మరి ఎలా చూస్తావే పిచ్చిదానా! పెద్దాయన దీవించాక లేచెళ్లి బొమ్మ గోకి చూస్తే ఆయన నోట్లో మట్టి కొట్టినట్టు కాదూ? వాడు తెలిసే ముందుగా బాతా ఇప్పించాడు. నీ కళ్లు మూసింది వాడే!"

నేను ఏడ్చేశాను. పదకొండు నెలలుగా నన్ను నేను తిట్టుకున్నాను తప్ప ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. కులీపా పెట్టె తెరిచి చపాన్ తీసి నా ఒళ్లోకి విసిరింది. "ఇంకోటి కొనిస్తావ్. వెల్వెట్‌దే. ఈసారి రసీదు చూపించాలి."

జోల్దోష్ మాత్రం దావా కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. పదమూడో తారీఖు పొద్దుటిదాకా బతిమాలాను. చివరికి, "మీరు పెట్టకపోతే ల్యాబ్ ఉత్తరం ఇప్పుడే మంత్రిత్వశాఖకు పోస్టు చేస్తాను, దానితో పాటు మీరు పొయ్యిలో వెయ్యమన్న సంగతి కూడా రాస్తాను," అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది. ఆయన తిడుతూ పెట్టాడు. ఆ సాయంత్రమే ఆసిపా దావా కోర్టులో వేసింది. రెండు చపాన్లూ నోటీసుతో కుబాట్‌కు వెళ్లాయి. అతను తీసుకోలేదు. అవి కోర్టు బల్ల మీదకే చేరాయి.

విచారణ అక్టోబర్‌లో జరిగింది. జడ్జి దగ్గుతో బాధపడుతున్న పెద్దమనిషి. ల్యాబ్ ఉత్తరం గురించి ఎవరూ వాదించలేదు. కుబాట్ లాయర్ గురి అంతా నా మీదే.

"ఈవిడకు ముప్పై ఏళ్ల అనుభవం," అన్నాడు. "బొమ్మ గంటసేపు ఎదురుగా ఉంది. ఎవరూ కళ్లకు గంతలు కట్టలేదు. లేచి నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకించి సంతకం పెడితే దాన్ని పొరపాటు అనరు, నిర్లక్ష్యం అంటారు. చపాన్ కప్పించుకుని పెడితే ఇంకేదో అంటారు. పొరపాటు కానప్పుడు రద్దు అడిగే హక్కే లేదు."

జడ్జి నన్ను లేవమన్నాడు. "సంతకం పెట్టేముందు బొమ్మను దగ్గరగా చూశారా?"

చూశానంటే సరిపోయేదేమో. నాలుక మీదిదాకా వచ్చింది కూడా. బల్ల అంచు పట్టుకున్నాను. "చూడలేదండీ. బాతా అయిపోయింది. అయ్యాక లేవలేకపోయాను," అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నాను.

జడ్జి దగ్గి, నీళ్లు తాగి, కుబాట్ వైపు తిరిగాడు. "మీ నాన్నగారు బాతా ఇచ్చింది భోజనం మీదా, బేరం మీదా?"

కుబాట్ నవ్వబోయి ఆగిపోయాడు. ముసలాయన పోయి అప్పటికి మూడు నెలలు. భోజనం మీద అంటే చాలు, కేసు అతని వైపు తిరిగేది. లాయర్ అతని చెవిలో ఏదో అంటున్నాడు. చచ్చిపోయిన తండ్రి దీవెన మీద అబద్ధమాడటానికి అంతటివాడికీ ధైర్యం చాల్లేదు.

"బేరం మీదే," అన్నాడు కుబాట్.

"అంటే కొనేవాళ్లు చూడకముందే మీరే బేరం ముగించేశారన్నమాట," అని జడ్జి రాసుకున్నాడు.

తీర్పు నవంబర్‌లో వచ్చింది. పొరపడి చేసుకున్న బేరం రద్దు, డబ్బు గ్యాలరీకి, బొమ్మ కుబాట్‌కు. చపాన్ల గురించి ఒక్క ముక్కా లేదు. నాకు మంత్రిత్వశాఖ నుంచి గట్టి చీవాట్లతో ఒక ఉత్తరం వచ్చింది. జైలు కాకపోతే చాలనుకుని దాన్ని కళ్లకద్దుకున్నాను.

డిసెంబర్‌లో కుబాట్ బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చాడు. జోల్దోష్, ఆసిపా కూడా ఉన్నారు. గోడ మీంచి దించి బల్ల మీద బోర్లా పెట్టాం.

"మనసులో ఏం పెట్టుకోకండి అక్కా," అన్నాడు కుబాట్ హుషారుగా. "నా బొమ్మ నాకొచ్చింది. కొండల అవతలి ఊరి గ్యాలరీ వాళ్లకూ సవోస్కిన్ లేడట. అడుగుతున్నారు."

నేను ఆసిపా వైపు చూశాను. ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లింది. "ఆపలేం పిన్నీ. మనం పొరపాటు అన్నాం, మోసం అనలేదు. ఇప్పుడది వాడి సొత్తు." ఆ దారి ఎంచుకున్నది నేనే. పేచీ వద్దన్నదీ నేనే.

మా గ్యాలరీ నుంచి ఏ బొమ్మ పోయినా దాని వెనక మేం వేసిన నంబరును కొట్టేసి, కారణం రాసి, బాధ్యురాలు సంతకం పెట్టాలి. చెరగని సిరాతో. అది నా పని. కలం తీశాను.

"కోర్టు తీర్పు అని రాసెయ్యండి, చాలు," అన్నాడు కుబాట్. నేను కదలకపోయేసరికి వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఒక్క మాట ఎక్కువ రాస్తే నా సొత్తు పాడు చేశారని కేసు వేస్తా. అప్పుడు మీ వెనక గ్యాలరీ ఉండదు, మీరొక్కరే."

జోల్దోష్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు. అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి గానీ రాశాను. "సవోస్కిన్ గీసింది కాదు. ఆయన పోయాక వచ్చిన రంగుతో గీసిన నకిలీ. పరిశీలించాను. బాత్మా జపరోవా." కుబాట్ అది చదివాడు. బొమ్మను దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. కేసు మాట మళ్లీ ఎత్తకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కానీ వెనక రాసింది ఎవరు చదువుతారు? గోడకు తగిలించేముందు ఎవరైనా తిప్పి చూస్తేనే కదా. మర్నాడు కొండల అవతలి ఊరి గ్యాలరీ నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. తీసినావిడ పేరు తుర్సునాయ్. చిన్న గొంతు, మర్యాదస్తురాలు. నేనెవరో చెప్పి, కుబాట్ అనే మనిషి వచ్చాడా అని అడిగాను.

"వచ్చారక్కా. పోయిన వారమే విందిచ్చారు. ఫోటోలో చూపించారు బొమ్మని. వాళ్ల చిన్నాన్నగారు బాతా ఇచ్చారు, మాకు చపాన్లు కప్పారు. సంతకాలూ అయిపోయాయి. బొమ్మ ఇవాళో రేపో వస్తుంది. ఎందుకక్కా?"

అంతా చెప్పాను. గుర్రానికి కుడిపక్క నుంచి మొదలుపెట్టి నా సొరుగు దాకా.

"వింటున్నావా అమ్మా? బొమ్మ రాగానే వెనక తిప్పి చూడు. అక్కడ నా పేరుంటుంది. తీర్పు చేతిలో పెట్టుకుని మీకు అమ్మాడు వాడు. ఈసారి వాడికి ముందే తెలుసు. నువ్వు పొరపాటు అనకు, మోసం అనే కేసు వెయ్యి. కాగితం తీసి ఇవాళ్టి తేదీ రాసుకో. నీకు తెలిసింది ఇవాళ. ఇక్కణ్ణుంచి ఏడాదే ఉంది. నాలాగా సొరుగులో పెట్టకు."

"నాకు భయంగా ఉందక్కా," అంది తుర్సునాయ్.

"నాకూ భయమే," అన్నాను. "తేదీ రాశావా?"